విశ్వవిద్యాలయ మ్యూజియం, చిత్రశాల: ఒక పూటలో ఏం చూడాలి, ఎలా చూడాలి?

తీరికవేళ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. వచ్చే నెలలో ఉద్యోగరీత్యా ఒక విశ్వవిద్యాలయ నగరానికి వెళ్లవలసి ఉంది. పని ముగిసిన మరుసటి రోజు ఒక పూట ఖాళీ దొరుకుతుంది. ఆ విశ్వవిద్యాలయానికి సొంతంగా ఒక మ్యూజియం, దానికి ఆనుకొని ఒక చిత్రశాల ఉన్నాయని తెలిసి ఆ పూటను అక్కడే గడపాలనుకుంటున్నాను. పదో తరగతి చదువుతున్న మా మేనకోడలు కూడా నాతో వస్తోంది. ఆమెకు బొమ్మలు వేయడమంటే ప్రాణం.

పెద్ద జాతీయ మ్యూజియంలకు వెళ్లినప్పుడల్లా నాది ఒకటే అనుభవం. మొదటి రెండు గదుల్లో శ్రద్ధగా నిలబడి చూస్తాను, తర్వాత కాళ్లు లాగుతుంటే నడుస్తూ చూస్తాను, బయటికి వచ్చాక ఏం చూశావని ఎవరైనా అడిగితే తడుముకుంటాను. ఈసారి అలా కాకూడదని ముందుగానే అడుగుతున్నాను. విశ్వవిద్యాలయ మ్యూజియం ప్రధానంగా అక్కడి విద్యార్థులకూ పరిశోధకులకూ ఉద్దేశించినదేనా, లేక నాలాంటి బయటివారికి కూడా అందులో ఏమైనా అందుతుందా? మామూలు మ్యూజియానికీ దీనికీ చూసే తీరులో తేడా ఉంటుందా? కళాచరిత్ర చదువుకోనివారు ఒక పూటలో దేని మీద దృష్టి పెట్టాలి? లోపల పాటించవలసిన నియమాలేమైనా ఉంటే అవి కూడా దయచేసి చెప్పండి.

నీలిసిరా:

తీరికవేళ గారూ, బయటివారిని రానిస్తారా లేదా అన్న సంకోచం మీకు అక్కరలేదు. ప్రజలకు తలుపులు తెరిచిన తొలి మ్యూజియంలలో విశ్వవిద్యాలయాలవే ముందు వరుసలో ఉన్నాయి. స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరమూ అక్కడి విశ్వవిద్యాలయమూ కలిసి 1661లో ఆమర్‌బాఖ్ కుటుంబపు సేకరణను కొని, 1671 నుంచి దానిని ప్రజలకు చూపించసాగాయి. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు ఆష్మోలియన్ మ్యూజియం 1683లో తెరుచుకుంది. బ్రిటిష్ మ్యూజియంలోకి ప్రజలు అడుగుపెట్టినది 1759లో, పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలోకి 1793లో అని గుర్తుచేసుకుంటే ఈ తేదీల ప్రాముఖ్యం తెలుస్తుంది. 1710లో ఆష్మోలియన్‌ను చూడవచ్చిన ఊఫెన్‌బాఖ్ అనే జర్మన్ పండితుడు, ఆరు పెన్నీలు చెల్లిస్తే ఆడవాళ్లను కూడా లోపలికి రానిస్తున్నారనీ, వచ్చినవారు అటూ ఇటూ పరుగులు తీస్తూ కనబడినదల్లా చేతుల్లోకి తీసుకుంటున్నారనీ తెగ విసుక్కున్నాడు. మూడు వందల ఏళ్ల కిందటే అక్కడ సామాన్యులు గుమిగూడేవారనడానికి ఆయన విసుగే మనకు సాక్ష్యం.

చూసే తీరులో మాత్రం తేడా ఉంది. ఆ తేడా, వస్తువులు అక్కడికి చేరిన కారణంలోంచి వస్తుంది. జాతీయ మ్యూజియం సాధారణంగా ప్రతి రకంలోనూ మేలైనదాన్ని ఏరి మధ్యలో నిలబెడుతుంది. విశ్వవిద్యాలయం పాఠం చెప్పడానికి సేకరించింది కనుక అక్కడ ఒకే రకం వస్తువు పదుల సంఖ్యలో వరుసగా కనిపిస్తుంది, విరిగినదీ అసంపూర్ణమైనదీ కూడా గౌరవంగా అద్దాల వెనుక ఉంటుంది. ఆక్స్‌ఫర్డ్‌లోనే 1884లో ఏర్పడిన పిట్ రివర్స్ మ్యూజియంలో వస్తువులను దేశాల వారీగా, కాలాల వారీగా కాక అవి చేసే పనిని బట్టి సర్దారు. దీపాలన్నీ ఒకచోట, తాళాలన్నీ ఒకచోట, వాద్యాలన్నీ ఒకచోట ఉంటాయి. మొదట అది కిక్కిరిసిన పాత సామాన్ల గదిలా అనిపిస్తుంది కానీ, తాళం అనే ఒక్క అవసరానికి ఎన్ని జాతులవారు ఎన్ని ఉపాయాలు కనిపెట్టారో ఒకే పెట్టె ముందు నిలబడి పోల్చుకునే వీలు ఇంకే విధంగా సర్దినా రాదు. ఆ సర్దుబాటు వెనుక, సంస్కృతులన్నీ ఒకే మెట్ల వరుసలో కిందినుంచి పైకి ఎదుగుతాయన్న పందొమ్మిదో శతాబ్దపు నమ్మకం ఉందన్నది కూడా మరవకూడదు. నేడు ఆ నమ్మకాన్ని ఎవరూ సమర్థించరు. అయినా ఆ అమరిక మాత్రం, ఒకనాటి ఆలోచనా విధానానికి నమూనాగా, చాలావరకు అలాగే నిలిచి ఉంది.

ఇంకొక ఉదాహరణ హార్వర్డ్‌లోని గాజు పూలు. వృక్షశాస్త్ర పాఠాల కోసం లియోపోల్డ్ బ్లాష్కా, ఆయన కుమారుడు రుడాల్ఫ్ జర్మనీలోని డ్రెస్డెన్ దగ్గర కూర్చుని 1887 నుంచి 1936 వరకు నాలుగు వేలకు పైగా గాజు నమూనాలు తయారుచేశారు. ఎండిన మొక్క రంగును కోల్పోతుంది, మైనపు బొమ్మలో సన్నని వివరాలు నిలవవు, కాబట్టి గాజును ఎంచుకున్నారు. వాటిలో నిండుగా విరిసిన పూలే కాదు, తెగులు సోకి మచ్చలు పడిన పళ్లు, ముడుచుకుపోయిన ఆకులు కూడా ఉన్నాయి. నా దృష్టిలో అవే అన్నిటికన్నా గొప్ప పనితనం. అందం కోసమే చేసి ఉంటే ఆ తెగుళ్ల జోలికి ఎవరూ పోయేవారు కాదు.

అందుచేత ప్రతి వస్తువు ముందూ ‘ఇది ఎంత గొప్పది’ అనుకోవడం మాని, ‘దీనితో ఎవరు, ఎవరికి, ఏం నేర్పారు’ అని అడిగి చూడండి. ఒక పూటకు ఆ ఒక్క ప్రశ్న చాలు.

గడపదాటి:

నియమాల గురించి అడిగారు కనుక క్లుప్తంగా చెబుతాను. విశ్వవిద్యాలయ మ్యూజియం వేళలు విద్యాసంవత్సరాన్ని బట్టి మారవచ్చు. సెలవుల్లో కొన్ని మూసివేస్తారు, కొన్ని వారంలో ఒక రోజు, ఎక్కువగా సోమవారం, తెరవరు. కొన్ని గదుల్లో తరగతి జరుగుతున్నంతసేపు సందర్శకులను రానివ్వరు. వెళ్లే రోజు ఉదయమే వెబ్‌సైటు చూసుకోవాలి. వీపున వేసుకునే సంచులను లాకర్లో పెట్టమంటారు. ఫ్లాష్ వాడకుండా ఫోటో తీసుకోవడానికి చాలాచోట్ల అభ్యంతరం ఉండదు కానీ, ఇతరుల నుంచి అరువు తెచ్చి ప్రదర్శిస్తున్న చిత్రాలకూ ఇటీవలి కళాకారుల చిత్రాలకూ విడిగా నిషేధం ఉండవచ్చు.

బూటు లేసులు కూడా గట్టిగా కట్టుకోండి. నవ్వులాటకు అనడం లేదు. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయపు ఫిట్జ్‌విలియం మ్యూజియంలో 2006లో ఒక సందర్శకుడు ఊడిన లేసు తొక్కుకొని మెట్ల మీద పడి, కిటికీ అంచున ఉన్న మూడు చింగ్ వంశకాలపు చైనా పింగాణీ కూజాలను ముక్కలు చేశాడు. ఆ ముక్కలను ఏరి, అతికించి, మళ్లీ ప్రదర్శనకు పెట్టారు.

రేఖామాత్రం:

నీలిసిరా గారు వస్తువుల గురించి చెప్పారు, నేను చిత్రశాల గురించి చెబుతాను. గోడల మీద కనిపించేది మొత్తం సేకరణలో చిన్న భాగమే. ముఖ్యంగా కాగితం మీద గీసిన చిత్రాలు, ముద్రణలు, నీటిరంగుల చిత్రాలు వెలుగుకు పాడవుతాయి కాబట్టి వాటిని సుమారు 50 లక్స్ మసక వెలుతురులో కొన్ని నెలలపాటు మాత్రమే ఉంచి, మళ్లీ చాలాకాలం చీకట్లో పెట్టెల్లో విశ్రాంతినిస్తారు. మీరు వెళ్లిన రోజున గోడ మీద లేని చిత్రం శాశ్వతంగా మీకు అందనిదని అనుకోవద్దు. విశ్వవిద్యాలయ చిత్రశాలల్లో చాలావాటికి ‘ప్రింట్ రూమ్’ లేదా ‘స్టడీ రూమ్’ అనే గది ఒకటి ఉంటుంది. ముందుగా రాసి సమయం తీసుకుంటే, విద్యార్థి కాకపోయినా, పరిశోధకుడు కాకపోయినా, మీరు కోరిన చిత్రాన్ని పెట్టెలోంచి తీసి మీ ముందు బల్ల మీద పెడతారు. ఆష్మోలియన్‌లో, హార్వర్డ్ ఆర్ట్ మ్యూజియంలలో ఈ సదుపాయం అందరికీ ఉంది. ఇంత సదుపాయం ఉండి కూడా ఈ గది సంగతి బయటివారికి ఎవరూ గట్టిగా చెప్పకపోవడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

అక్కడ దొరికేది గోడ మీద దొరకదు. ఆష్మోలియన్ దగ్గర ఉన్న ఇటలీ చిత్రకారుడు రఫాయెల్ చిత్రాల్లో, ఇద్దరు అపొస్తలుల (క్రీస్తు శిష్యుల) తలలూ చేతులూ నల్లసుద్దతో గీసినది ఒకటి ఉంది. ఆయన చివరి పెద్ద చిత్రం ‘రూపాంతరం’ కోసం వేసుకున్న సన్నాహం అది. అచ్చులో చూస్తే ముసలి ముఖం, పడుచు ముఖం, వేళ్లు విచ్చుకున్న చేతులు మాత్రమే కనిపిస్తాయి. దగ్గరగా చూస్తే గీతల కింద వరుసగా సన్నని చుక్కలు కనిపిస్తాయి. పెద్ద నమూనా కాగితం మీద గీతల వెంట సూదితో రంధ్రాలు పొడిచి, దాన్ని కొత్త కాగితం మీద పరిచి, పైన బొగ్గుపొడి మూట అద్దితే పడే చుక్కలవి. అంటే ఆ తలల స్థానం అప్పటికే తేలిపోయింది. ముఖం మీద వెలుగు ఎక్కడ పడాలి, కనుబొమ కింద నీడ ఎంత చిక్కగా ఉండాలి అన్నది తేల్చుకోవడానికే ఆయన మళ్లీ గీశాడు. చుక్కలను అనుసరించిన గీత ఎక్కడ ఉంది, వాటిని కాదని పక్కకు జరిగిన గీత ఎక్కడ ఉంది అని వెతుకుతూ కూర్చుంటే గంట ఇట్టే గడిచిపోతుంది. మీ మేనకోడలికి బొమ్మలు వేయడం అలవాటు కనుక ఇలాంటిది మనకంటే ముందు ఆమెకే పట్టుబడుతుంది.

అనుమతికి కనీసం రెండు మూడు వారాల ముందు రాయడం మంచిది. ఆన్‌లైన్ కేటలాగ్‌లో వెతికి, మీరు చూడదలచిన చిత్రాల నమోదు సంఖ్యలు ఉత్తరంలో ఇస్తే వారికి పని సులువవుతుంది. నాలుగైదుకు మించి అడగవద్దు. లోపలికి పెన్నులు తీసుకెళ్లనివ్వరు, పెన్సిల్ మాత్రమే. కాగితం పట్టుకోవడానికి చేతి తొడుగులు ఇస్తారని చాలామంది అనుకుంటారు కానీ, తొడుగు వేసుకుంటే వేళ్లకు స్పర్శ తెలియక కాగితం చిరిగే ప్రమాదం ఉంటుంది. శుభ్రంగా కడిగి ఆరబెట్టిన చేతులే మేలని చాలాచోట్ల అంటారు. ఛాయాచిత్రాలకూ లోహపు వస్తువులకూ తొడుగులు తప్పవు.

ఇక గోడల మీద ఉన్నవాటి విషయానికి వస్తే నాది ఒకటే సలహా. లేబుల్ చదవకండి. ముందు చిత్రాన్ని చూడండి, చాలాసేపు చూడండి, ఆ తర్వాత కూడా చదవాలనిపిస్తేనే చదవండి.

పాతకాగితం:

రేఖామాత్రం గారి మాటల్లో చివరిదానితో ఏకీభవించలేను. చిత్రాన్ని ముందు చూడమనడం వరకు బాగానే ఉంది కానీ, విశ్వవిద్యాలయ మ్యూజియంలో లేబుల్‌ను పక్కన పెట్టడమంటే సగం విషయాన్ని వదిలేయడమే. పేరు, శతాబ్దం, పదార్థం అన్నవి నేనూ పట్టించుకోను. లేబుల్ అడుగున చిన్న అక్షరాల్లో ఉండే చివరి వరుసను మాత్రం తప్పక చదువుతాను. అది ఎవరి దానం, ఏ వేలంలో కొన్నది, ఏ తవ్వకంలో దొరికింది, ఏ సంవత్సరంలో వచ్చింది అన్నవి అందులో ఉంటాయి. నమోదు సంఖ్యలో మొదటి అంకెలు చాలాచోట్ల ఆ వస్తువు మ్యూజియంలో చేరిన సంవత్సరమే. వస్తువు పుట్టిన సంవత్సరానికీ ఆ సంవత్సరానికీ మధ్య ఏం జరిగిందో లేబుల్ చెప్పకపోతే, ఆ మౌనాన్ని కూడా గమనించాలి.

దీనికి మనకు బాగా దగ్గరి ఉదాహరణ ఉంది. పదహారో శతాబ్దానికి చెందిన తిరుమంగై ఆళ్వార్ కంచు ప్రతిమను ఆష్మోలియన్ మ్యూజియం 1967లో లండన్‌లో వేలంలో కొన్నది. అది తమిళనాడులోని ఒక సౌందరరాజ పెరుమాళ్ ఆలయంలో ఉండగా 1957లో తీసిన ఛాయాచిత్రం పుదుచ్చేరిలోని ఫ్రెంచ్ సంస్థ భాండారంలో ఉంది. స్వతంత్రంగా పరిశోధన చేసే ఒక పండితుడు ఆ రెంటినీ పోల్చి చూడటంతో విషయం బయటపడింది. మ్యూజియమే భారత హైకమిషన్‌కు ఈ సంగతి తెలియజేసింది, చివరకు 2024 మార్చిలో ప్రతిమను భారతదేశానికి తిరిగి ఇవ్వడానికి విశ్వవిద్యాలయ కౌన్సిల్ సమ్మతించింది. అంతకుముందు, 2021 అక్టోబరులో, స్కాట్లాండ్‌లోని అబర్డీన్ విశ్వవిద్యాలయం నేటి నైజీరియాలో ఉన్న పాత బెనిన్ రాజ్యపు రాజు శిరస్సును చూపే కంచు శిల్పాన్ని నైజీరియాకు అప్పగించింది. 1897లో బ్రిటిష్ సైన్యం దోచుకున్న వేల వస్తువుల్లో అది ఒకటి.

విశ్వవిద్యాలయం దగ్గర ఉన్న వస్తువు గురించి నిజం తేల్చే సాధనాలు ఆ విశ్వవిద్యాలయంలోనే ఉంటాయి, కనుక మిగిలినవారికంటే వారి బాధ్యత ఎక్కువ. కొన్నిచోట్ల ఈ చర్చను దాచకుండా ప్రదర్శనలోనే పెడుతున్నారు. నీలిసిరా గారు చెప్పిన పిట్ రివర్స్ మ్యూజియం 2020లో మానవ అవశేషాలను, జనం ప్రత్యేకంగా చూడటానికి వచ్చే ఎండబెట్టి కుదించిన తలలతో సహా, ప్రదర్శన నుంచి తీసివేసి, ఎందుకు తీసివేసిందీ అక్కడే వివరించింది. ఖాళీ పెట్టె ముందు నిలబడటానికి కూడా ఒక కారణం ఉంటుందని చెప్పడానికే ఇదంతా రాశాను.

తీరికవేళ:

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. స్టడీ రూమ్ అనేది ఒకటి ఉంటుందని నాకు ఇప్పటివరకు తెలియదు. నేను వెళ్లబోయే చిత్రశాల కేటలాగ్ తెరిచి చూస్తే, కాగితం మీది చిత్రాలు చాలానే ఉన్నాయి. మ్యూజియం వైపు భౌతికశాస్త్ర విభాగం పాత పరికరాల గది ఒకటి ఉందట. అయితే రెండు సందేహాలు మిగిలాయి. నాకు రంగుల గురించి, వాటి మరమ్మతుల గురించి కుతూహలం ఎక్కువ. అటువంటిది ఏమైనా చూపిస్తారా? రెండవది, లేబుల్ ముందా చిత్రం ముందా అన్న వాదంలో ఒక పదో తరగతి అమ్మాయికి ఏం చెప్పమంటారు?

వెలుగునీడ:

మరమ్మతుల విషయానికి వస్తే, విశ్వవిద్యాలయాల్లో రసాయనశాస్త్రజ్ఞులూ కళాచరిత్రకారులూ ఒకే ప్రాంగణంలో ఉండటం వల్ల ఇతరచోట్ల సాహసించని ప్రయోగాలు జరుగుతుంటాయి. అమెరికన్ చిత్రకారుడు మార్క్ రోత్కో హార్వర్డ్ కోసం పెద్ద కుడ్యచిత్రాలు వేసి ఇచ్చాడు. 1964లో వాటిని ఒక భోజనశాలలో, ఎండ ధారాళంగా పడే కిటికీల పక్కన అమర్చారు. ఆయన వాడిన లిథోల్ రెడ్ అనే ఎరుపు వెలుతురుకు తట్టుకోలేదు. పదిహేనేళ్లలో ఆ ముదురు ఎరుపులు వెలిసి నీలిబూడిద రంగుకు దిగజారడంతో 1979లో చిత్రాలను దించి స్టోర్‌లో పెట్టేశారు. వాటిపై మళ్లీ రంగు పూయడానికి వీల్లేదు, పూస్తే అవి రోత్కోవి కాకుండా పోతాయి.

చివరకు వారు కనిపెట్టిన ఉపాయం ఇది. 1964 నాటి పాత ఛాయాచిత్రాల ఆధారంగా అసలు రంగు ఏమిటో గణించి, ఇప్పుడున్న రంగుకూ దానికీ ఎక్కడెక్కడ ఎంత తేడా ఉందో లెక్కగట్టి, ఆ తేడాకు సరిపోయే రంగు వెలుగును ప్రొజెక్టర్‌తో చిత్రం మీదికి ప్రసరింపజేశారు. బట్టమీద ఒక్క చుక్క రంగు కూడా పడలేదు. 2014 నవంబరులో మొదలైన ప్రదర్శనలో ప్రతిరోజూ సాయంత్రం నాలుగింటికి ఆ ప్రొజెక్టర్లను ఆపేసేవారు. అంతవరకు ముదురు ఎరుపులో మునిగి ఉన్న చిత్రం సందర్శకుల కళ్లముందే వెలసిపోయేది. అది చిత్రమా, చిత్రం మీద వేసిన ముసుగా అన్న వాదన అప్పుడే వచ్చింది, ఇప్పటికీ తేలలేదు. నా మటుకు నేను, దీపాలు ఆర్పి చూపించడమే ఆ ప్రదర్శనలో అన్నిటికన్నా నిజాయతీగల భాగమంటాను.

మీరు వెళ్లే చోట ఇంత పెద్ద ప్రయోగం లేకపోవచ్చు. అయినా సిబ్బందిలో ఎవరినైనా ‘ఇక్కడ ఈ మధ్య మరమ్మతు చేసిన చిత్రం ఏది’ అని అడగండి. విశ్వవిద్యాలయ మ్యూజియంలో గదుల్లో కూర్చునేవారు తరచుగా అక్కడి విద్యార్థులే అయి ఉంటారు, అడిగేవారి కోసం ఎదురుచూస్తుంటారు. చిత్రాన్ని ఎదురుగా ఒకసారి చూశాక, గోడకు దాదాపు ఆనుకొని పక్కవాటంగా చూస్తే, కొత్తగా వార్నిష్ పూసిన చోట మెరుపు తేడాగా కనిపిస్తుంది, పాత చిరుగులు అతికించిన చోట ఉపరితలం కాస్త ఎత్తుగా తెలుస్తుంది. హద్దు గీత దాటకుండానే ఇది సాధ్యం.

పరికరాల గదిని మాత్రం వదలవద్దు. చిత్రశాల ఉన్నచోట దానిని ఎవరూ పట్టించుకోరు కనుక ప్రశాంతంగా ఉంటుంది, పైగా ‘దీనితో ఎవరు, ఎవరికి, ఏం నేర్పారు’ అన్న నీలిసిరా గారి ప్రశ్నకు అక్కడ దొరికినంత సూటి జవాబు ఇంకెక్కడా దొరకదు.

రేఖామాత్రం:

పాతకాగితం గారు చెప్పిన చివరి వరుస మాటకు నేను ఒప్పుకుంటున్నాను, దానిని చదవవలసిందే. అయితే చిత్రం ముందు, వరుస తర్వాత అన్న క్రమాన్ని మాత్రం వదులుకోను.

మేనకోడలికి ఈ వాదం అంతా వినిపించవద్దు. ఆమెకు నచ్చిన ఒక్క చిత్రాన్ని ఆమెనే ఎంచుకోనిచ్చి, దాని ముందు కూర్చొని గీయమనండి. అసలుకు నకలు తీయమని కాదు. ఒక చేతినో, బట్ట మడతనో, వెలుగు ఏ వైపునుంచి వస్తున్నదో మాత్రమే గీయమనండి. గీయడం మొదలుపెట్టాక చూపు దానంతట అదే నిలుస్తుంది, అనవసరమైన నడక తగ్గుతుంది, మీ కాళ్లకూ విశ్రాంతి దొరుకుతుంది. ఆమె గీస్తున్నంతసేపు మీరు పరికరాల గదికి వెళ్లి రావచ్చు. అమెరికాలోని ఓబర్లిన్ కళాశాల మ్యూజియం 1940 నుంచి తన సేకరణలోని అసలు చిత్రాలను నామమాత్రపు రుసుము మీద సెమిస్టరు పొడవునా విద్యార్థుల గదులకు అరువిస్తోంది, పికాసో వేసినవి సైతం. రోజూ కళ్లెదుట ఉన్న చిత్రం చూపును మారుస్తుందన్న నమ్మకంతోనే వారు ఆ పని చేస్తున్నారు. మీకు ఉన్నది ఒక్క పూటే కనుక ఒక్క చిత్రంతో సరిపెట్టుకోవడమే తెలివైన పని.

స్టడీ రూమ్‌కు రాసేటప్పుడు అమ్మాయి వయసు కూడా చెప్పండి, కొన్నిచోట్ల మైనర్లకు తోడుగా పెద్దవారు ఉండాలని నియమం ఉంటుంది. గ్యాలరీలో గీసుకోవడానికి పెన్సిల్‌తోనైతే సాధారణంగా ఎవరూ ఆపరు, బొగ్గునూ రంగులనూ తేనివ్వరు. షార్ప్‌నర్ సంచితోపాటు లాకర్లో ఉండిపోతుంది కనుక, బయలుదేరేముందే నాలుగైదు పెన్సిళ్లు చెక్కి పుస్తకంలో పెట్టుకోమనండి.